ఆరంభపురంలో గండపెండేరం

జలగల ఏరు దాటి, నల్లదొన కొండ గుహలో కాపురముంటున్న బ్రహ్మరాక్షసుణ్ణి మాటల్లో పెట్టి తప్పించుకున్న ఓబళుడూ, రాకుమారి కువలయా తూరుపు తెల్లబడే వేళకు జృంభకుడి లోయ అంచున నిలబడ్డారు. ఓబళుడి పంచెకు ఇంకా ఒక జలగ వేలాడుతూనే ఉంది. అతను దాన్ని చూసి, నెమ్మదిగా తీసి, పక్కన ఒక ఆకు మీద పెట్టాడు.

కింద లోయ పచ్చలు తాపిన పళ్లెంలా మెరుస్తోంది. దానిమ్మ తోటల మీద మంచు పాలమీగడలా పేరుకుని ఉంది. చంద్రకాంత శిలల మీదుగా జారే సెలయేళ్లు ముత్యాల సరాలు తెగినట్టు దొర్లుతున్నాయి. పొగడపూలు రాలిన బాటల మీద నెమళ్లు, తమను చూసేవాళ్లు ఉన్నారో లేరో పట్టించుకోకుండా, పురివిప్పి తిరుగుతున్నాయి. ఆ సొగసంతటికీ ఆవలి కొసన, కాటుక కొండను తొలిచి కట్టినట్టు, కిటికీ అన్నది లేని నల్లకోట ఒకటి ఉంది. దాని బురుజు మీది నుంచి సన్నని పొగ బద్ధకంగా పైకి పోతోంది. ఆ పొగ ఉన్నచోట మాంత్రికుడు జృంభకుడు ఉన్నాడని అర్థం.

కువలయ తండ్రి, శుక్తిపుర మహారాజు శిఖరసేనుడు, ఆ కోటలోనే బందీగా ఉన్నాడు. మర్నాటి సూర్యోదయానికి అతను శిల అయిపోతాడు. బయటినుంచి కోటకు ద్వారం ఒక్కటే. దాన్ని ఏనుగులు కుమ్మినా, పిడుగులు పడినా తెరుచుకోదు. లోకంలో ఎవరూ వినని కథ ఒకటి దాని ముందు మొదలుపెట్టి చివరిదాకా చెబితేనే తెరుచుకుంటుంది. ఈ సంగతి తెలిసి రాకుమారి ముందు ఆస్థాన కవులనే అడిగింది. ఒకాయనకు గొంతు బాగాలేదు. ఇంకొకాయనకు ఆ మాసంలో ముహూర్తాలు కుదరలేదు. మూడో ఆయన, రాతి తలుపు రసజ్ఞురాలైన శ్రోత కాదని శ్లోకాలతో నిరూపించాడు. చివరికి ఎవరో చెప్పగా ఆమె గానుగల వీధికి వెళ్లింది. అక్కడ గానుగ ఎద్దు వెంట తిరుగుతూ కథలు కట్టుకునే ఓబళుడు కనిపించాడు. అతని కథలు అంతవరకూ విన్నది ఆ ఎద్దు ఒక్కటే. అది ఎప్పుడూ ఏమీ అనలేదు. రాకుమారి అడిగితే ఓబళుడు ఆలోచించి, కథ సగందాకా ఉందనీ, మిగతాది దారిలో చూసుకుందామనీ చెప్పాడు.

లోయలోకి అడుగుపెట్టే ముందు కువలయ తలపాగా బిగించి, ముఖానికి మసి రాసుకుని, తాటాకుల కట్ట నెత్తిన పెట్టుకుంది. ఇకనుంచి ఆమె కవిగారి మోతగాడు కువలయ్య. ఆ కట్ట మధ్యలో ఆమె కత్తి ఉంది. లోయ మొగలో కాపలా ఉన్న భటులు సైనికుల్ని చూస్తే తలలు నరుకుతారు. కవుల్ని మాత్రం ఏమీ అనకుండా పంపిస్తారు. కవుల వల్ల తన కోటకు ప్రమాదం లేదని జృంభకుడికి అనుభవం మీద తెలుసు.

భటుడు ఒకడు ఓబళుణ్ణి ఎగాదిగా చూసి, కథ చెప్పడానికేనా అని అడిగాడు. ఓబళుడు అవునన్నాడు. అలా తిన్నగా పోతే ఊరు వస్తుందనీ, భోజనం బాగుంటుందనీ భటుడు చెప్పాడు.

ఆ ఊరి పేరు ఆరంభపురం. ద్వారం ముందు కథ చెప్పడానికి వచ్చిన కవులందరూ అక్కడే స్థిరపడి ఉన్నారు. ప్రతి కవికీ ఒక పొదరిల్లు, ఊయల మంచం, బంగారు ఘంటం. వీధుల్లో పన్నీటి కాలువలు. చిలకలు సమాసాలు పలుకుతున్నాయి. ఊరి పెద్ద ఘంటాకర్ణ భట్టు, గుమ్మడిపండులాంటి మనిషి, ఎదురొచ్చి ఓబళుణ్ణి కౌగిలించుకుని చలువ పందిరి కిందకు తీసుకుపోయాడు. మోతగాడికి కూడా మజ్జిగ ఇప్పించాడు.

అక్కడ కవులు తమ కావ్యాలు వినిపించారు. మొదటివాడు ఇష్టదేవతా స్తుతి చదివాడు. రెండోవాడూ ఇష్టదేవతా స్తుతే చదివాడు. మూడోవాడు పూర్వకవులను పొగిడి, చెడ్డకవులను తిట్టాడు. ఆ తిట్లు అద్భుతంగా ఉన్నాయి. తర్వాత కథ ఏమిటని ఓబళుడు అడిగితే, అది ఇంకా మొదలుకాలేదనీ, అయినప్పుడు లోకం నివ్వెరపోతుందనీ మిగతావాళ్లు చెప్పారు. చివరగా భట్టు తన కావ్యంలోని తొలి ఆశ్వాసం చదివాడు. అందులో సముద్రం మీద తెల్లవారడాన్ని వర్ణించిన పద్యం వింటుంటే ఓబళుడి ఒళ్లు జలదరించింది. దాని ముందు తన కథ తెలగపిండిలా అనిపించింది. ఆ మాటే పైకి అన్నాడు కూడా. రెండో ఆశ్వాసం ఎప్పుడు రాశారని అడిగాడు. భట్టు పళ్లెంలోని ద్రాక్షపళ్ల వైపు చూసి, ఇంకొకటి తీసుకొమ్మన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి సన్మానం మొదలైంది. ఓబళుడు చెప్పబోయే కథను పొగుడుతూ కవులు వరుసగా పద్యాలు చెప్పారు. శాలువా కప్పారు. కథ ఏమిటో ఎవరూ అడగలేదు. ఆఖరున భట్టు వంగి, ఓబళుడి ఎడమ కాలికి బంగారు గండపెండేరం తొడిగాడు. మహాకవులకు తప్ప దక్కని ఆ కడియాన్ని చూసుకుని ఓబళుడు ఎద్దును తలుచుకున్నాడు. అది ఇప్పుడు చూస్తే బాగుండేది.

అంతలో మోతగాడు దగ్గరికి వచ్చి, పొద్దు వాలుతోందని గుర్తుచేశాడు. ఓబళుడు లేచాడు. కాలు లేవలేదు. గండపెండేరం తిరగలి రాయంత బరువుగా నేలకు అతుక్కుపోయింది. కువలయ దాన్ని లాగి చూసింది. రాయితో కొట్టింది. కట్టలోంచి కత్తి మొన బయటకు తీసి, దానితో సందు చేయబోయింది. కత్తి మొన వంగింది గాని కడియం మీద గీటు పడలేదు. భట్టు అటూ ఇటూ చూసి, తన పట్టుపంచె అంచు కొంచెం పైకెత్తి, వాచిపోయిన తన కాలు చూపించాడు.

"నాకూ ఉంది నాయనా. ఇక్కడ అందరికీ ఉంది. జృంభకుడే చేయించాడు. ఊరు వదలాలని లేవనంతవరకూ ఏమీ అనదు."

దీన్ని విడిపించే దారి లేదా అని కువలయ అడిగింది. తెలియదని భట్టు చెప్పాడు. ఆ మాటకొస్తే ఎవరూ అంతగా లాగి చూడలేదని కూడా ఒప్పుకున్నాడు. తన కథ ఎంత గొప్పదో, అది శుక్తిపురానికి ఎందుకు అవసరమో ఓబళుడు అతనికి వివరించబోయాడు. వివరించేకొద్దీ కడియం ఎముకలోకి బిగుసుకుంది. నొప్పి ఓర్చుకోవడానికి అతను గానుగ దగ్గర అలవాటైనట్టు, కళ్లు మూసుకుని, కథనే మొదటినుంచీ గొణగడం మొదలుపెట్టాడు. ఒక ఊళ్లో నిప్పు పోయింది. పొయ్యిలు చల్లబడ్డాయి. కుమ్మరి వామి చల్లబడింది. అప్పుడా ఊరి కుమ్మరి నిప్పు తేవడానికి అగ్నికొండకు బయలుదేరాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కడియం కింద కాస్త గాలి ఆడింది.

ఓబళుడు కళ్లు తెరిచాడు. కథ బాగుంటుందని చెప్పి చూశాడు. కడియం బిగిసింది. కథ చెప్పి చూశాడు. వదులైంది. ఇక ఎవరికీ ఏమీ చెప్పకుండా శాలువా తీసి ఊయల మంచం మీద పెట్టి, కుమ్మరి చేతిలోని కర్రను వర్ణిస్తూ ఒక అడుగు వేశాడు.

ఆరంభపురం నుంచి ద్వారం దాకా ఉన్న బాట పొడవునా గడ్డి మొలిచి ఉంది. కుమ్మరి తన కథలో అడవులు దాటుతుంటే, ఓబళుడు కాలు ఈడ్చుకుంటూ ఆ గడ్డి దాటాడు. కువలయ అతని చంకకింద భుజం పెట్టి నడిపించింది. కవులు పందిరి కింద నిలబడి, ఇంత ఎండలో ఎందుకని నొచ్చుకున్నారు.

శిలాద్వారం మేఘాన్ని తాకేంత ఎత్తుంది. దాని నిండా తీగలూ, సింహాలూ, మొసళ్లూ చెక్కి ఉన్నాయి. వాటి మధ్య ఒక స్త్రీ ముఖం. పెదవుల మీద నాచు, రాతి కమ్మల్లో పిచ్చుక గూళ్లు. ద్వారం పక్కన కొండంత తాటాకుల కుప్ప ఉంది. ఓబళుడు ముందు నిలబడగానే రాతి రెప్పలు విచ్చుకున్నాయి. ఆమె పేరు శిలాముఖి.

"కథా?" అంది. "మొత్తం ఉందా?"

"ఉంటుందమ్మా."

"ఉంటుంది అన్నవాళ్ల ఆకులే అవి," అంది శిలాముఖి, కుప్పవైపు కళ్లు తిప్పి. "సరే, చెప్పు."

ఓబళుడు మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. నిప్పు పోయిన ఊరిని చెప్పాడు. పచ్చి బియ్యం నమిలే పిల్లల్ని చెప్పాడు. కుమ్మరి పెళ్లాం పులిసిన పిండి మూటకట్టి ఇచ్చి, చీకటిపడకముందే రమ్మనడం చెప్పాడు. రాతి తలుపు రెక్కల మధ్య గోరంత సందు కనిపించింది. ఆ సందులోంచి ఎవరో దగ్గడం వినిపించింది. కువలయ గుర్తుపట్టింది. అది ఆమె తండ్రి దగ్గు.

బురుజు మీద పొగ సుడి తిరిగి, మనిషి ఆకారం కట్టింది. బూడిదరంగు జడలు, మూతబడిన కళ్లు. జృంభకుడు కోప్పడలేదు. నోరు తెరిచి ఆవలించాడు. ఆ ఆవలింత గాలై లోయ మీదకు దిగింది. ఎగురుతున్న కొంగలు రెక్కలు ముడుచుకుని మడుగులో పడ్డాయి. ద్వారం మీది పిచ్చుకలు నిద్రపోయాయి. ఆరంభపురంలో పన్నీటి కాలువ కూడా ఆగిపోయింది. కువలయ మొలలోని సంచి విప్పి గుప్పెడు మిరియాలు తన నోట్లో పోసుకుని, గుప్పెడు ఓబళుడి నోట్లో కుక్కింది. ఓబళుడు కళ్లవెంట నీళ్లు కారుతుండగా కుమ్మరిని నది ఒడ్డుకు తెచ్చాడు.

తెచ్చి అక్కడ ఆగిపోయాడు. అతని కథ ఆ నది దాకానే ఉంది. గానుగ దగ్గర కూడా ఎప్పుడూ ఆ నది దాకానే వచ్చేది. ఎద్దు అడగలేదు కాబట్టి సరిపోయింది.

తలుపు సందు సన్నబడింది. జృంభకుడు పైనుంచి మెత్తగా పలకరించాడు.

"బాగా అలిసిపోయావు నాయనా. మంచి కథ. హడావిడిగా చెప్పి పాడుచేసుకోకు. రేపు తీరుబడిగా చెబుదువుగానిలే."

ఓబళుడికి ఆ మాట న్యాయంగానే తోచింది. కథ ఆపి కూర్చోబోయాడు. కాలి కడియం కిర్రున బిగుసుకుంది. ఆ నొప్పికి అరవకుండా, నోటికి వచ్చింది చెప్పాడు. ఒక చేప వచ్చి కుమ్మరిని వీపు మీద ఎక్కించుకుంటానంది.

"ఇది బాగాలేదు," అంది శిలాముఖి.

"తెలుసమ్మా. దీని తర్వాతది వినండి."

జృంభకుడు ఈల వేశాడు. కోట గోడలోని తూములు తెరుచుకుని, ఎనుబోతు తలల రాక్షస భటులు గండ్రగొడ్డళ్లు పట్టుకుని బిలబిలమని బయటపడ్డారు. కువలయ కట్ట విప్పి కత్తి దూసింది. తలపాగా ఊడి జడ వీపు మీద పడింది. మొదటి గొడ్డలి కింద దూరి, దాని యజమాని మోకాలి వెనక కొట్టింది. రెండోవాడి కొమ్ము పట్టి తిప్పి మూడోవాడి మీదకు తోసింది. నాలుగోవాడి దెబ్బ ఎడమ భుజం చీల్చుకుంటూ పోయింది. ఆమె కత్తి ఊపుతూనే, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"కథ ఎక్కడిదాకా వచ్చింది?"

"ఏటి ఒడ్డునే ఉన్నాడమ్మగారూ."

"ఇంకా ఒడ్డునేనా? ఈదమను."

"అతనికి ఈత రాదని మొదట్లోనే చెప్పేశాను."

"కుమ్మరేగా? కుండ పొట్టకు కట్టుకుని దాటమను."

"కుండ కాల్చడానికి నిప్పు లేదు. దానికోసమే గదా పోతున్నాడు."

ఆమె ఇంకొక భటుణ్ణి పడగొట్టి, అది నిజమే అంది.

ఓబళుడు చేపను పంపేసి వంతెన కట్టించాడు. శిలాముఖి మొహం చిట్లించింది. వంతెన కూల్చి ఒక మునిని తెచ్చాడు. ముని వరం ఇవ్వబోయాడు. ఆమె కళ్లు మూసుకుంది. మునిని కూడా పంపేశాడు. చివరికి ఒడ్డున కుమ్మరి ఒక్కడే మిగిలాడు. ఏమీ తోచక కుమ్మరి చేతికందిన బంకమట్టి తీసి పిసకడం మొదలుపెట్టాడని ఓబళుడు చెప్పాడు. అతనికి చేతనైన పని అదొక్కటే. ఎండబెట్టిన పచ్చి కుండను నీళ్లలో దించి, దాన్ని పట్టుకుని దాటబోయాడు. కుండ కరిగిపోయింది. ఇంకొకటి చేశాడు. అదీ కరిగిపోయింది.

వెనకనుంచి దబ్బుమని శబ్దమైంది. ఘంటాకర్ణ భట్టు తన పొదరింటి తలుపు ఊడబీకి, నిద్రమత్తు వదలని కళ్లతో, కుమ్మరి కథనే గొణుగుతూ, వాచిన కాలు ఈడ్చుకుంటూ, ఆ తలుపును డాలులా అడ్డంపెట్టుకుని వచ్చి కువలయ పక్కన నిలబడ్డాడు. ఒక గొడ్డలి అందులో దిగబడింది. అతను దాన్ని లక్ష్యపెట్టలేదు.

"కరిగిపోతే ఏం చేశాడు?" అని ఓబళుణ్ణి అడిగాడు.

"మళ్లీ చేశాడండి."

"ఏరు కొట్టుకుపోదా?"

"కొట్టుకుపోయింది. మళ్లీ చేశాడు."

ఇప్పుడు ఓబళుడి గొంతు మారింది. గానుగ తిరిగే లయ అందులోకి వచ్చింది. కుమ్మరి వానాకాలం వెళ్లేదాకా కుండలు చేశాడు. తల నెరిసిందో, దాని మీద మట్టి ఎండిందో తెలియకుండా పోయింది. కుండ ప్రతిసారీ కరిగింది. కరిగిన మట్టి కొంత ఏటితో పోయింది, కొంత అక్కడే అడుగున దిగింది. ఒకనాడు అతను కొత్త కుండ తీసుకుని ఏట్లో దిగితే నీళ్లు మోకాలి దాకానే వచ్చాయి. కాళ్ల కింద మెత్తగా, గట్టిగా, తన మట్టే ఉంది. అతను కుండ చంకన పెట్టుకుని నడిచి అవతలి ఒడ్డుకు పోయాడు.

శిలాముఖి పెదవుల మీది నాచు కదిలింది. తలుపులు మనిషి పట్టేంత తెరుచుకున్నాయి. గండపెండేరం ఓబళుడి పాదం మీదుగా జారి గడ్డిలో పడింది. అతను చూసుకోలేదు. కుమ్మరిని అగ్నికొండ ఎక్కించి, ఆ పచ్చి కుండను కొండ నోటి దగ్గరే కాల్పించి, అందులో నిప్పులు పోయించి, తన మట్టి మీదుగానే వెనక్కి నడిపించి, ఊళ్లో మొదటి పొయ్యి అంటించేదాకా గుక్క తిప్పుకోలేదు. చీకటిపడకముందే రమ్మన్న పెళ్లాం, ఇదేనా రావడం అంది. అక్కడితో కథ అయిపోయింది.

ద్వారం పూర్తిగా తెరుచుకుంది. బురుజు మీద పొగ ఒక్కసారిగా చెదిరింది. భటులు తూములవైపు పరుగెత్తారు. కువలయ ఓబళుడి చెయ్యి పట్టుకుని లోపలికి దూకింది. భట్టునూ రమ్మంది. అతను తలుపు చెక్కను నేలమీద పరుచుకుని, దానిమీద చతికిలబడి, తాటాకుల కుప్పలోంచి ఒక ఆకు లాగి తీశాడు. తనకు కొంచెం పని ఉందని చెప్పాడు. రాతి తలుపులు మూసుకుంటుండగా అతని గొంతు సన్నగా వినిపించింది. రెండో ఆశ్వాసంలోని మొదటి పద్యం అది. ఏమంత బాగాలేదు. ఒకచోట గణం తప్పింది. అతను ఆగకుండా రెండో పద్యంలోకి పోయాడు.

లోపల చల్లని చీకటి. గోడలకు పొదిగిన నాగమణులు నీలంగా వెలుగుతున్నాయి. ఆ వెలుగులో పొడవాటి సొరంగం, సొరంగం చివర ఇంకొక ద్వారం కనిపించాయి. ఇది మొదటిదానికంటే ఎత్తు. దాని మీద ఇంకొక స్త్రీ ముఖం. ముక్కుకు రాతి బేసరి కూడా ఉంది. దాని వెనకనుంచి శిఖరసేన మహారాజు దగ్గు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఆ దగ్గులో రాళ్లు ఒరుసుకున్న చప్పుడు ఉంది.

ఎక్కడో పైన గొలుసు జారింది. సొరంగం గోడల్లోని సింహం నోళ్లలోంచి నల్లనీళ్లు ధారలుగా దూకాయి. క్షణాల్లో చీలమండలు మునిగాయి. రాతి ముఖం తీరుబడిగా కళ్లు తెరిచింది.

"నేను శిలాముఖి అక్కను," అంది. "కుమ్మరి కథ గోడ ఇవతలనుంచి విన్నాను. ఏటి దగ్గర కొంచెం సాగదీశావు. విన్న కథకు నేను తెరుచుకోను. ఇంకొకటి చెప్పు."

కువలయ పంచె అంచు చించి భుజానికి కట్టుకుంటూ ఓబళుడి వైపు చూసింది. ఇంకొక కథ ఉందా అని అడిగింది. ఓబళుడు లేదన్నాడు. ఉన్నదంతా కుమ్మరితో పోయిందన్నాడు. కాసేపు వేళ్లతో గెడ్డం గోక్కున్నాడు. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. అతను గొంతు సవరించుకుని, రాతి ముఖానికి నమస్కారం పెట్టాడు.

"ఒక ఊళ్లో ఒకామె ఉండేది," అన్నాడు.

నీళ్లు మోకాళ్లు తాకాయి. "ఎవరామె?" అని కువలయ అడిగింది.

"ఇప్పుడే వచ్చిందమ్మగారూ," అన్నాడు ఓబళుడు. "కొంచెం చూడనివ్వండి."